దూదికి బరువు లేదు

నమోదు 1
గాలి: పడమర నుంచి, నిదానం. మబ్బు: లేదు. దూది: మేలుకునే ఉంది.

మబ్బుకాపరి బడిలో చేరిన ప్రతివాడూ చిట్టా రాయాలట. గాలి ఎటు, మబ్బు ఎక్కడ, గంపలో ఏం జరిగింది, అన్నీ. వారం వారం పుల్లమ్మ టీచరు ఎర్ర సిరాతో దిద్దుతుంది. "కంటికి కనబడిందల్లా రాయప్పా, దాపరికం వద్దు" అని ఆమే చెప్పింది కాబట్టి మా ఇంటి సంగతులు కూడా రాస్తున్నాను. చదవలేక విసుగొస్తే ఆ తప్పు నాది కాదు.

నా పేరు వన్నూరప్ప. అనంతపురం నేలకు తాళ్ళతో కట్టిన ఊరు మాది. పెద్ద పెద్ద గాలిసంచుల కింద వేలాడుతూ ఉంటాం. తాళ్ళన్నింటిలోకీ లావుపాటిది నీళ్ళతాడు. అది లోపల బోలుగా ఉంటుంది. మా పందిరి మీద పిండిన మబ్బు నీళ్ళు దాని గుండా కింది ఊళ్ళకు దిగుతాయి. పొద్దున పూట నేను తాళ్ళు చుట్టే గదిలో పనిచేస్తాను. ఈ వానాకాలం దాటితే ఆ తాళ్ళను యంత్రమే చుట్టుకుంటుంది, నాతో పనిలేదు. అప్పుడు నాకు రెండే దారులు. పరీక్ష గెలిచి మబ్బుకాపరినై పైనే ఉండడం, లేదా కింద పంపుల గదికి పోయి నెలకొకసారి పైకి రావడం.

దూది ఇప్పుడిప్పుడే కూర్చోవడం నేర్చింది. నెలకొకసారి వస్తే, ఒకసారికి నిలబడి ఉంటుంది, ఇంకోసారికి నడుస్తూ ఉంటుంది, ఆ పైసారికి "ఈ మామ ఎవరు?" అని వాళ్ళమ్మను అడుగుతుంది. అందుకే ఈ వయసులో పలక పట్టుకున్నాను.

నమోదు 2
గాలి: అదే. మబ్బు: లేదు. దూది: నా చెవి పట్టుకుని ఉంది.

దూది అంటే ఎవరని బయటి ఊరివాళ్ళెవరైనా అడగవచ్చు. ఏడాది నిండని బిడ్డలందరినీ మా ఊళ్ళో దూది అనే పిలుస్తాం. సంచులకు వేలాడే ఊరు కాబట్టి ఇక్కడ ప్రతి మనిషి మెడలో, ప్రతి మేక మెడలో, ప్రతి బిందె చెవికి బరువు చెక్కిన తూకపు బిళ్ళ ఉంటుంది. బిడ్డలకు మాత్రం ఉండదు. ఏడాది లోపల బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందని మా నమ్మకం. మొదటి పుట్టినరోజుకు బెల్లంతో తూచి, పేరు పెట్టి, ఆ బెల్లం ఊరంతా పంచుతాం. అంతవరకూ బిడ్డకు బరువు లేదు. లేదంటే లేదు. బిడ్డ చంకెక్కగానే పెద్దవాళ్ళ నడుము వంగినా, "అబ్బా, ఎంత తేలిగ్గా ఉందో!" అనాలి. అది మర్యాద.

మా ఆవిడ చౌడేశ్వరి సంచులు కుట్టే మనిషి. ఎండాకాలం వేడికి సంచులు పగులుతాయి. పొద్దున సూది, మైనం దారం నడుముకు కట్టుకుని తాడెక్కితే పొద్దుగూకే దాకా దిగదు. దూది కడుపులో ఉందని పోయిన ఎండాకాలమంతా ఆమె పని మానుకుంది. ఈసారి తాడెక్కే రోజు బిడ్డను నా చేతిలో పెట్టి, "మోసిందీ నేనే, కనిందీ నేనే. ఇప్పుడు నీ వంతు మామా" అంది. న్యాయమే. పైగా నాకు ఇష్టమే. ఇబ్బందల్లా వేళలతోనే.

పిల్లలిల్లు మధ్యాహ్నానికి మూసేస్తారు. నా పని అప్పుడే అయిపోతుంది. బడి అప్పుడే మొదలవుతుంది. పిల్లలిల్లు చూసుకునే గౌరక్కను సాయంత్రం దాకా తెరవమని అడిగాను.

"అమ్మలు మధ్యాన్నానికి వచ్చి తీసుకుపోతారని పెట్టిన యాళలు నాయనా ఇవి. నాయనలు బడికి పోతారని ఎవురు కలగన్నారు?" అంది. మంచి మనిషే. తలుపు మాత్రం మూసేసింది.

నమోదు 5
గాలి: దక్షిణం, చిరాకుగా. మబ్బు: దూరంగా ఒక పిల్ల మబ్బు. దూది: నా వీపున, నిద్ర.

వేరే దారి లేక దూదిని వీపున కట్టుకుని బడికి పోయాను. పుల్లమ్మ టీచరు నల్లబల్ల మీద గాలి లెక్కలు రాస్తూ వెనక్కి తిరిగింది. నన్ను చూసింది, నా భుజం మీదుగా తొంగిచూస్తున్న రెండో తలకాయను చూసింది.

"ఇదేందప్పా?"

"దూది, టీచరమ్మా."

"కండ్లుండాయి నాకు. బడికి యాల తెచ్చినావని."

"పెట్టి రావడానికి చోటు లేదు. తెస్తే చదువుతా, తేకపోతే మానుకోవాల."

టీచరు పెద్దగా నిట్టూర్చి, "ఏడిస్తే ఇద్దరినీ బయటికి పంపిస్తా" అంది. దూది ఏడవలేదు. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమన్నప్పుడల్లా పకపకా నవ్వింది. టీచరు ఆ తర్వాత రెండుసార్లు సుద్దముక్కను కావాలనే కీచుమనిపించింది. (టీచరమ్మా, ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను.)

ఎర్ర సిరా: "సుద్ద నాసిరకం. నువ్వు నీ లెక్కలు చూసుకో."

నమోదు 9
గాలి: పడమర, బాగుంది. మబ్బు: అందలేదు. దూది: హుషారు.

ఈరోజు మొదటిసారి గంప ఎక్కాను. పని ఇదీ. గంప మీద ఒక చిన్న సంచి ఉంటుంది. మబ్బు ఎంత ఎత్తున ఉందో టీచరు చెబుతుంది. ఆ ఎత్తులో గంప నిలబడాలంటే మొత్తం బరువు ఎంతుండాలో పట్టికలో చూసుకోవాలి. అందులోంచి మన బిళ్ళ మీద ఉన్న బరువు తీసేస్తే మిగిలినంత ఇసుక వేసుకోవాలి. పైకి పోయాక ఇసుక పారబోయడం కుదరదు, కింద ఊరి సంచులూ మనుషులూ ఉంటారు. కాబట్టి లెక్క గంప లేవకముందే సరిగ్గా ఉండాలి. పైకి పోయాక మబ్బు మీద వల విసిరి, తాడుతో లాక్కొచ్చి, ఊరి పందిరికి కట్టెయ్యాలి.

గంపల వాకిట్లో తూకం తిప్పన్న కూర్చుంటాడు. వాడు బిళ్ళ చూడకుండా సొంత పెండ్లాన్ని కూడా ఇల్లు దాటనివ్వడని చెప్పుకుంటారు. నా బిళ్ళ చూశాడు, లెక్క సరిచూశాడు, ఇసుక పోశాడు. నా వీపు చూశాడు.

"దూదా?"

"దూదే."

"పో అయితే. బరువు లేనిదానికి బిళ్ళెందుకు" అన్నాడు.

గంప లేచింది. దూది కేరింతలు కొట్టింది. తాళ్ళ మీద చౌడి చిన్న చుక్కలా కనబడి చెయ్యి ఊపింది. అంతా బ్రహ్మాండంగా ఉంది, గంప మబ్బుకు చాలా కింద ఆగిపోయేదాకా. మబ్బు కడుపు కింద నిలబడి, నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయాను. వల విసిరితే నా మీదే పడింది.

"తీసివేతలు రావా నీకు?" అంది టీచరు, దిగగానే.

నమోదు 14
గాలి: ఏదైతేనేం. మబ్బు: మళ్ళీ అందలేదు. దూది: పన్ను వస్తోంది.

నాలుగుసార్లు పోయాను, నాలుగుసార్లూ మబ్బు కిందే ఆగాను. లెక్క నేను చేశాను, తిప్పన్న చూశాడు, టీచరు చూసింది. తప్పెక్కడా లేదు. ఇంకెవరి గంపా ఇలా చెయ్యదు. నా తలలోనే ఏదో లోపముందని అనిపించి రాత్రి అన్నం సహించలేదు. పంపుల గది కళ్ళముందు కనబడుతోంది. దూదికి రాగిజావ తాగిస్తూ, "నీ నాయన మొద్దు" అని ఒప్పుకున్నాను. జావ నా ముఖం మీదికి ఉమ్మింది.

చౌడి మైనం చేతులు కడుక్కుంటూ ఇదంతా విని, "మామా, దూదిని కలిపినావా లెక్కలో?" అంది.

"దూదికి బరువెక్కడిది?"

"నువ్వు పైకి అందిస్తే నేను తాడు మీద పాలిచ్చేటప్పుడు నా తాడు జానెడు దిగుతాది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చౌడి గబగబా మూడుసార్లు నేల మీద ఉమ్మి, దూది నుదుట మసి పెట్టి, "నేనేమీ అనలేదు" అంది.

నేనూ ఏమీ వినలేదు. కానీ పడీపడీ నవ్వాను. చదువుకున్న టీచరు, ఇసుక గింజ ఎక్కువైనా ఒప్పుకోని తిప్పన్న, నేను, మేం ముగ్గురం కలిసి వీపు మీద ఊగుతున్న పిల్లను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు! పుట్టినప్పటి నుంచి విన్న మాట కదా, బుర్రలో మేకులా దిగిపోయింది.

ఎర్ర సిరా: "ఈ పేజీ నేను చదవలేదు."

నమోదు 17
గాలి: పడమర. మబ్బు: అందలేదు. దూది: ఆకలి. నేను: ఇంకా ఆకలి.

తప్పు తెలిసినంత మాత్రాన పని జరగదని అర్థమైంది. కాస్త ఇసుక తగ్గించమని తిప్పన్నను బతిమాలాను.

"యాల తగ్గించాల?"

దానికి జవాబు చెప్పాలంటే చెప్పకూడని మాట చెప్పాలి. "ఊరికే, రోంత" అన్నాను.

"బిళ్ళ ఎంత చెబితే ఇసుక అంత. ఊరికే రోంత అనే లెక్క నా దగ్గర లేదప్పా."

దూదిని తూచి బిళ్ళ వేయిద్దామంటే ఆమె పుట్టినరోజు వానాకాలం తర్వాత. పరీక్ష అంతకు ముందే. తూచేద్దాం, ఏమవుతుందిలే అని ఒక క్షణం అనుకున్నాను. నిద్రపోతున్న పిల్ల ముఖం చూశాక ధైర్యం చాలలేదు. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. దూది విషయంలో మాత్రం ఉంది.

పోనీ పరీక్షరోజు ఎవరికైనా అప్పగించి పోదామా అంటే, మా పరీక్షకు రోజంటూ లేదు. వానాకాలపు మొదటి మబ్బు కనబడగానే కొమ్ము ఊదుతారు. చీటీల్లో ముందు పేరు వచ్చినవాడు ఉన్నపళంగా గంప ఎక్కాలి. చీటీల్లో ముందు పేరు నాదే. కొమ్ము ఊదేసరికి చేతిలో గరిటె ఉంటే గరిటెతో పోవాలి. నా వీపున ఎప్పుడూ దూదే ఉంటుంది.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. బిళ్ళ మీద నా పాత బరువే ఉంటుంది కదా. దూది ఎంత ఉందో అంత నేను చిక్కిపోతే గంప లెక్క సరిపోతుంది! ఈరోజు నుంచి సంగటి సగమే.

నమోదు 23
గాలి: వాయవ్యం, తడి వాసన. మబ్బు: ఇంకా రాలేదు. దూది: బూరెబుగ్గలు.

ఉపాయం పనిచేయడం లేదు. నేను ఎంత చిక్కితే దూది అంత పెరుగుతోంది. నేను వదిలేసిన సంగటిని చౌడి పలచగా కలిపి దానికే పెడుతోంది.

"జ్వరమా నీకు?" అని పుల్లమ్మ టీచరు అడిగింది.

"లేదు టీచరమ్మా."

"మరి బుగ్గలు యాడికి పోయినాయి?"

దూది బుగ్గల వైపు చూపించాను. టీచరు తన డబ్బాలోంచి రెండు వేరుశనగ ఉండలు తీసి నా ముందు పెట్టింది. తినకూడదనుకున్నాను. తినేశాను.

ఇంటికొచ్చాక చౌడి గట్టిగానే అంది. "ఇట్ల ఎండిపోతే గంపలోనే పడిపోతావు. దూది యాడుంటాది అప్పుడు? పరీక్ష పోతే పోనీ మామా. కింద పంపుల గదికి మేమూ వస్తాం."

కింద సంచులు కుట్టే పని లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పన్నెండేళ్ళ వయసు నుంచి తాడు మీదున్న మనిషి. ఆమె అలా అన్నందుకు నాకు ప్రేమా, సిగ్గూ రెండూ కలిగాయి. కడుపు నిండా తిన్నాను.

నమోదు 26
గాలి: నైరుతి, జోరు. మబ్బు: వచ్చింది! దూది: కింద రాస్తాను.

మధ్యాహ్నం దూదికి బట్టలు మారుస్తుంటే కొమ్ము ఊదారు. సగం కట్టిన లంగోటాతోనే వీపున వేసుకుని పరుగెత్తాను. గంపల వాకిట్లో ఊరంతా ఉంది. చౌడి మాత్రం దూరంగా తూర్పు సంచి మీద చిక్కుకుంది. గాలి అంత జోరుగా ఉన్నప్పుడు తాడు దిగకూడదు.

టీచరు ఎత్తు చెప్పింది. పలక తీసుకున్నాను, పట్టిక చూశాను, బిళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇలాగే పోతే మళ్ళీ కిందే ఆగుతాను. మళ్ళీ అవకాశం ఏడాదికి. ఎందుకు తోచిందో తెలియదు, పలక పక్కన పెట్టి తిప్పన్న తూకపు బల్ల ముందు నిలబడ్డాను.

"తిప్పన్నా, నన్ను మళ్ళా తూచు. నా బిళ్ళ పాతది."

"పాతదైతే?"

"నేను లావైనా."

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నా పీక్కుపోయిన ముఖం చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. తిప్పన్న నవ్వలేదు. నన్ను చూశాడు, నా వీపును చూశాడు.

"దూదిని దించి ఎక్కు."

"యాల? ఏడాది నిండని బిడ్డకు బరువుంటాదా?"

తిప్పన్న చూపు తూకపు ముల్లు మీదికి పోయింది. ఉంటుంది అంటే ఊరంతటి ముందు అనకూడని మాట అన్నట్టు. ఉండదు అంటే దించమనడానికి కారణం లేదు. అన్నేళ్ళుగా తూకం తప్పని తిప్పన్నను నేను ఇరికించినట్టయింది. పాపం అనిపించింది కూడా. కానీ తగ్గలేదు.

"ఉండదు" అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

"అయితే ఉండనీ వీపున."

"...ఎక్కు."

ఎక్కాను. ముల్లు కదిలింది. ఎవరూ ఏ బిడ్డనూ తూచలేదు. వన్నూరప్ప అనే మనిషి లావయ్యాడు, అంతే. తిప్పన్న కొత్త బిళ్ళ కొట్టి, నా మెడలో వేసి, తల తిప్పుకుని ఆ లెక్కకే ఇసుక పోశాడు.

గంప లేచింది. ఊరి పందిరి దాటింది, చౌడి ఉన్న తూర్పు సంచి దాటింది. ఇన్నాళ్ళూ ఆగిపోయిన చోటు కూడా దాటి మెత్తగా తెల్లటి చీకట్లోకి పోయి నిలబడింది. మబ్బు నడుముకు సరిగ్గా! చుట్టూ తడి. దూది చెయ్యి చాచి, ఆ చేతిని నాకి, ఆశ్చర్యపోయి, మళ్ళీ చాచింది. నేను కూడా నాకాను. అంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

వల విసిరాను. పడింది. మబ్బు మొండి దూడలా గింజుకుంది. తాడు బిగించి లాగుతున్న ఆ క్షణంలోనే దూది తుమ్మింది. ఒక చేత్తో ముక్కు తుడిచాను. ఆ చెయ్యి వదిలినందుకు మబ్బు సగానికి తెగింది. సగం మా వలలో ఉండిపోయింది. సగం ఈశాన్యం వైపు పోయింది.

ఉన్న సగాన్నే లాక్కొచ్చి పందిరికి కట్టాను. పందిరి మొత్తం తడిస్తేనే పరీక్ష గెలిచినట్టు. నడుమ తడిసింది, మూడు మూలలూ తడిశాయి. నాలుగో మూల పొడిగా ఉంది. ఊరంతా తలలెత్తి ఆ మూలనే చూస్తోంది. పంపుల గదిలో నా మంచం ఎక్కడ వేస్తారో అని ఆలోచన వచ్చింది. దూది పుట్టినరోజుకు సెలవిస్తారా అని ఇంకో ఆలోచన వచ్చింది. అప్పుడు నాలుగో మూలలోంచి ఒక చుక్క జారింది. ఇంకో చుక్క. నీళ్ళతాడు గుడగుడలాడింది. ఊరు ఈలలు వేసింది, అన్నింటికన్నా పెద్ద ఈల తూర్పు సంచి మీద నుంచి వచ్చింది.

పుల్లమ్మ టీచరు మాత్రం నా కొత్త బిళ్ళను వేళ్ళతో తిప్పి చూసి, "రేపు చెబుతా" అని పోయింది.

నమోదు 27
గాలి: తేలిక. మబ్బు: ఇంకొకటి దారిలో ఉంది. దూది: నా ఒళ్ళో.

రాత్రంతా నిద్ర లేదు. బిళ్ళ విషయంలో మోసం చేశావని టీచరు అంటుందేమోనని భయం. నిజానికి మోసమో కాదో నాకే తెలియదు. చౌడి మాత్రం హాయిగా గురకపెట్టింది.

పొద్దున గంపల వాకిట్లో పెద్ద వరుస. తాళ్ళు చుట్టేవాళ్ళు, పందిరి దులిపేవాళ్ళు, అందరూ మగవాళ్ళే, అందరి వీపునా ఒక్కో దూది. ఇన్నాళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేక, చేతిలో పని సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తినవాళ్ళు, ఇప్పుడు దూదితోనే పనికి పోవడానికి కొత్త బిళ్ళలు అడుగుతున్నారు. తిప్పన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా ఇది! ఊర్లో మొగోళ్ళంతా ఒక్క రాత్రిలో లావైనారే!" అన్నాడు. అంటూనే ఒక్కొక్కరినీ బల్ల ఎక్కించి, తల తిప్పుకుని, కొత్త బిళ్ళలు కొట్టి ఇచ్చాడు.

పుల్లమ్మ టీచరు వచ్చింది. వెనకాల పిల్లలిల్లు గౌరక్క కూడా ఉంది, సాయంత్రం దాకా తలుపు తెరిచి ఉంచడానికి ఇంకో మనిషి కావాలని గొణుగుతూ. టీచరు నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"సగం మబ్బు తెచ్చినావు."

"అవును టీచరమ్మా."

"పందిరి అంతంత మాత్రంగా తడిసింది."

"తడిసింది గదా టీచరమ్మా."

ఆమె ముఖం బిగించుకుని, దూదినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గెలిచినావులే. కానీ ఇద్దరు పోయి తెచ్చేది ఇంతేనప్పా?"

వాకిలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పుట్టిన నాటి నుంచి లేదు, లేదు అనిపించుకున్న పిల్లను ఊరందరి ముందు ఒకరు లెక్కపెట్టారు. వెనక్కి చెయ్యి పెట్టి దూది కాలు పట్టుకుని, "ఈసారి పెద్దది తెస్తాం టీచరమ్మా" అన్నాను.